దేవుడి వంతు

జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే సలోమి రోజూ పొద్దున్నే పురుగుల గదిలోనే మోకరించి, దేవుడికి ఊపిరాడకుండా ప్రార్థన చేసేది.

గడపలో కూర్చుని కాఫీ తాగుతున్న మొగుడు మరియప్ప ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు. "అన్నీ నువ్వే చెప్తాండావు. ఆయప్పను గూడా రవంత మాట్లాడనీమే."

సలోమి రోషంగా నోరు మూసుకుని చెవులు రిక్కించింది.

పురుగులు ఆకు మేస్తుంటే ఆ గదిలో వాన పడుతున్నట్టే ఉంటుంది. ఈ పొద్దు ఒక్క చినుకు చప్పుడైనా లేదు.

"ఏమంటాండాడు దేవుడు?" నవ్వుతూ అడిగాడు మరియప్ప.

"రాత్రి పురుగులకు ఆకెయ్యకుండా పండుకున్నోనికి కాఫీ ఎందుకంటాండాడు."

మరియప్ప గ్లాసు దించి, ఆకు మోపు ఎత్తుకొచ్చి పరిచాడు.

గదంతా వాన మొదలయ్యాక గానీ సలోమి ఆమేన్ అనలేదు.