పువ్వు చూడకుండా

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కలుపు తీసే యంత్రం తిరుగుతోంది. రిజిస్టరులో పేరు లేని మొక్కను పీకేస్తుంది. మొక్కల పేర్లు కళ్లజోళ్లే చెప్పేస్తున్నాయి. వృక్షశాస్త్రవేత్త వకుళమ్మకు మిగిలిన పని ఒక్కటే: ముప్పై ఏళ్లుగా కనిపించని మొక్క ఇక లేదని సంతకం చేయడం. సంతకం పడగానే ఆ పేరు రిజిస్టరులోంచి పోతుంది. నలభై ఒక్కసార్లు చేసింది. చేసిన రోజు అన్నం సహించేది కాదు.

నలభై రెండోది, ఉద్యోగంలో చేరిన ఏడాది శేషాచలం కొండల్లో తానే సేకరించినది. అట్టకు అంటించిన ఎండు కొమ్మ పక్కన, కాగితపు పొట్లంలో మూడు గింజలున్నాయి. ఇంటికి తెచ్చి కుండీలో నాటింది. రెండు కుళ్లిపోయాయి.

గుమాస్తా ఓబులేసు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"ఈ పొద్దే ఆఖరు మేడమ్. లేదని రాసియ్యండి."

"రాస్తే సాయంత్రానికి నా యంత్రమే దీన్ని పీకేస్తాది," అని ఆమె కుండీ చూపించింది. అందులో రెండాకులున్నాయి.

"అదేనా ఇది?"

"పువ్వు చూడకుండా ఎట్లా చెప్తానప్పా?"

"అయితే లేదనండి."

"అదీ పువ్వు చూడకుండా చెప్పను."

ఓబులేసు నవ్వాడు. "మీ ఉద్యోగమే ఇంక పదైదు దినాలు. ఇదెప్పుడు పూస్తాది?"

"నువ్వొచ్చి చూసుకో."

'కుండీలో ఉంది, పువ్వు కోసం చూస్తున్నాం' అని రాసి సంతకం చేసింది. ఓబులేసు దాన్ని రిజిస్టరులో ఎక్కించాడు.

సాయంత్రం యంత్రం కుండీ దగ్గర ఆగింది. కాసేపటికి ముందుకు పోయింది. వకుళమ్మ కంచం ముందు కూర్చుంది.