దిగని అక్షరాలు

పూలకుండీ భళ్లున పగిలింది.

"కళ్లు కనిపించడం లేదా?" అరిచాడు డిజైనర్.

పాత అచ్చుమిషన్ పట్టుకుని బిత్తరపోయి నిలబడింది ముసలావిడ. నల్లద్దాలు, వెలిసిపోయిన చీర, ఒంటి మీద సబ్బు వాసన.

"తప్పయింది బాబూ. ఇక్కడ కుండీ ఉంటుందనుకోలేదు."

ఎవరు మాత్రం అనుకుంటారు? అచ్చుమిషన్ మీద పూలకుండీ పెట్టిన ఘనుడు ఊరు మొత్తానికీ ఈయనొక్కడే. పాతసామాన్ల కొట్టులో కొని, రంగేయించి, వచ్చినవాళ్లు ఫొటోలు దిగడానికి గుమ్మంలో పెట్టాడు. దాని మీద ఒక్క కాగితం అచ్చేసిన పాపాన పోలేదు.

"బాబూ, నేను..."

"ముందు ఆ మూల కూర్చోండి. సబ్బుల కంపెనీ మేడమ్ వచ్చే వేళయింది."

ఆ కంపెనీ పేరునూ గుర్తునూ పాతకాలపు అచ్చులో తీర్చిదిద్ది, పెట్టెలు చేసివ్వాలి. ఈ పని చేజారితే ఆఫీసుకు తాళమే.

"బావా, అక్షరం అట్టలోకి గుంటగా దిగాలని వాళ్ల మేనేజరు మరీమరీ చెప్పాడు కదా," బావమరిది నసిగాడు.

"కంప్యూటర్లో నీడ పెట్టాంగా, దిగినట్టే ఉంది. తడిమి చూసేదెవడ్రా? పాత పిచ్చోళ్లకి పాతగా కనిపిస్తే చాలు."

గొంతు తగ్గించాలన్న ఇంగితం కూడా లేదు మహానుభావుడికి.

ముసలావిడ బల్ల మీద చేతికి తగిలిన నమూనా పెట్టె అందుకుంది. బొటనవేలితో మెల్లగా నిమిరింది. తిప్పి మళ్లీ నిమిరింది.

"ఇది ఈ మిషన్ మీదే అచ్చేశారా బాబూ?"

"ఆఁ, దాని మీదే." తడుముకోకుండా అబద్ధమాడేశాడు.

"మరి అక్షరాలేవి?"

బావా బావమరుదులు పడీపడీ నవ్వారు.

"గుమ్మడికాయంత అక్షరాలుంటే ఏవీ అంటుందేంట్రా ఈవిడ! ఆ మురికి చేతులు తీసి, ఇక దయచేయండి."

ఆవిడ పెట్టె బల్ల మీద ఉంచింది. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. వీళ్లు లేచి చెయ్యందిస్తే ఒట్టు.

కాసేపటికి సబ్బుల కంపెనీ మేనేజరు వచ్చాడు.

"మీతో పని వద్దని చెప్పమన్నారు మా మేడమ్. కింద కార్లో ఉన్నారు."

డిజైనర్ ముఖం పాలిపోయింది. "అదేంటి సార్! చూడకుండానే వద్దంటే ఎలా? ఒక్కసారి చూడమనండి."

మేనేజరు కుండీ పెంకుల్ని కాలితో పక్కకు నెట్టాడు.

"చూపు పోయింది కనకనే బాబూ, తన సబ్బు పేరు వేలితో చదువుకోవాలని ఆవిడ ఆ అచ్చు అడిగారు."