గురువారం వచ్చే మనిషి

"ఏరా జిల్దో, గురువారం గురువారం నీ పడవలో అత్తరు వాసన గుప్పుమంటోందట!"

సారాకొట్టు గుమ్మంలోంచి తోటి పడవవాడు నానె అరిచాడు. లోపల నలుగురూ పకపకా నవ్వారు.

జిల్దో నవ్వలేదు. గ్లాసులో వైను సగంలోనే వదిలేసి బయటికొచ్చాడు.

ఆ వాసన ఎవరిదో అతనికి తెలుసు.

వెనిస్ రేవు నుంచి ద్వీపం మీది పాత చర్చికి జనాన్ని దాటించడం జిల్దో పని. ప్రతి గురువారం పొద్దున్నే భార్య ఒట్టావియాను పూలబుట్టతో అక్కడ దించుతాడు. ఆమె చర్చిలో పూలు మారుస్తుంది, బలిపీఠం మీది బట్టలు సర్దుతుంది.

తర్వాతి దఫాలో ఆ పెద్దమనిషి వస్తాడు.

నెరిసిన జుట్టు. నలగని కోటు, దాని మీద అత్తరు. నున్నగా గీసిన గడ్డం. మబ్బు జాడ లేని రోజు కూడా చేతిలో గొడుగు. తల ఎత్తుకుని ఎటో చూస్తాడు తప్ప, పడవవాడి మొహం వంక చూడడు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రాజుగారిలా చేయి చాపి నిలబడతాడు. జిల్దో వచ్చి పట్టుకోవాలి.

అతను ఈ రేవుకు మొదటిసారి వచ్చింది ఆరు నెలల కిందట. అప్పటి నుంచే ఒట్టావియా మారిపోయింది.

కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. చేతిలోంచి గ్లాసులు జారిపోతాయి. జిల్దో వచ్చి పక్కన నిలబడినా పలకరించదు.

"ఎక్కడుంది నీ ధ్యాస?" అంటే, ఉలిక్కిపడి నవ్వేస్తుంది.

ఆ నవ్వు చూస్తే జిల్దోకు ఒళ్లు మండుతుంది.

ఒక గురువారం పడవ కట్టేసి, చప్పుడు కాకుండా చర్చి తలుపు దాకా వెళ్లాడు.

లోపల ఎవరూ లేరు, వాళ్లిద్దరు తప్ప.

"నా మీద నమ్మకం ఉందా, ఒట్టావియా?"

పేరు పెట్టి పిలుస్తున్నాడు!

"ఉంది."

"అయితే కళ్లు మూసుకో."

ఆమె మూసుకుంది. అతని మోచేయి పట్టుకుంది. స్తంభాల మధ్య నుంచి ఇద్దరూ మెల్లగా నడిచారు, పెళ్లినాడు జిల్దో ఆమెను నడిపించుకొచ్చినట్టే.

"మీ ఆయనకు చెప్పావా?"

"ఇంకా లేదు. తెలిస్తే నన్ను గడప దాటనివ్వడు."

జిల్దో వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో ఆమె వడ్డించిన చేపలు ముట్టలేదు. గట్టిగా అడిగితే నిజం చెప్పేస్తుందేమోనని భయం. చెబితే తన ఇల్లు ఇల్లుగా ఉండదు.

మళ్లీ గురువారం వచ్చింది.

ఆటు సమయం. నీళ్లు దిగి, ద్వీపం మెట్ల మీద పచ్చటి నాచు తేలింది. మామూలుగా అయితే జిల్దో పడవను పక్కనున్న చెక్క రేవు దగ్గరికి తిప్పేవాడు. ఆ రోజు తిప్పలేదు.

పెద్దమనిషి లేచి నిలబడి చేయి చాపాడు.

జిల్దో చుక్కాని వదల్లేదు.

"దిగండి దొరగారూ. మీకూ కాళ్లున్నాయిగా!"

పెద్దమనిషి కాసేపు చేయి అలాగే ఉంచాడు. తర్వాత చిన్నగా నవ్వి, గొడుగు మొనతో మెట్టును తాకి, కాలు పెట్టాడు.

కాలు జారింది. రాతి మీద ఎముక విరిగిన చప్పుడు జిల్దోకు స్పష్టంగా వినిపించింది.

ఒట్టావియా చర్చి తలుపులోంచి పరుగెత్తుకొచ్చి, గట్టు మీద ఆగిపోయింది.

"ఏమైంది? ఎవరు పడ్డారు?"

కళ్లెదురుగానే పడి ఉన్నాడు. నాటకాలు, అనుకున్నాడు జిల్దో.

అంబులెన్సు పడవ వచ్చింది. అందులోని కుర్రాళ్లు ఎలా పడ్డారని అడిగారు.

"ఏదో పెద్ద పడవ పోయింది. అల కొట్టింది," అన్నాడు ఆ పెద్దమనిషి, నొప్పితో పళ్లు బిగించి. "పడవవాడి తప్పేం లేదు."

ఆ మంచితనం జిల్దోకు పుండు మీద కారం చల్లినట్టయింది.

వారం తర్వాత ఒట్టావియా ఆసుపత్రి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది.

"తుంటి విరిగింది. ఈ వయసులో ఇక అతకదట. మంచం దిగలేడు."

"అంత బాధైతే అక్కడే ఉండిపోవాల్సింది," అన్నాడు జిల్దో. ఇక ఆగలేకపోయాడు. "చెప్పవే, ఏమవుతాడు వాడు నీకు?"

ఆమె అతని గొంతు వినిపించిన వైపు తిరిగింది. చూపు అతని భుజం పక్కనుంచి పోయింది.

"నాకు కళ్లు పోతున్నాయి, జిల్దో. పక్కల చూపు ఎప్పుడో పోయింది. మధ్యలో కాస్త మిగిలింది. చలికాలానికి అదీ ఉండదన్నాడు డాక్టరు."

జిల్దో కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను ఈ వంటింట్లో కూర్చోబెట్టేస్తావు. ఏ సందు చివరైనా నీళ్లే, గట్టుకు గోడ ఉండదు. ఆ నీళ్ల చప్పుడు విని అంచు ఎక్కడుందో పసిగట్టడం ఆ పెద్దాయన నాకు నేర్పుతున్నాడు. మన వీధిలో అయితే నీ చెవిన పడుతుందని ద్వీపానికి పోయాం. చర్చిలో నడవడం అయింది, గట్టు మీద నడవడం అయింది. ఊళ్లోని వంతెనలు దాటడం నేర్చుకోవాల్సి ఉండిపోయింది."

"నేను తిప్పుతాను నిన్ను."

"నువ్వు చేయి పట్టుకుని తిప్పుతావు. నాకు కావాల్సింది చేయి వదిలేసి నడవడం."

"అది నేర్పేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరా? డాక్టరా ఆయన?"

"డాక్టరు కాదు," అంది ఒట్టావియా, "పుట్టినప్పటి నుంచీ వెలుతురంటే ఏమిటో ఎరగకుండా, ఈ ఊళ్లో ప్రతి వంతెనా ఒంటరిగా దాటిన మనిషి."