బావ ఇంటికొచ్చిన రోజు

విమానం ఇంకా రాలేదు.

ఎర్రమట్టి రన్‌వే పక్కన ఊరంతా కూర్చుని ఉంది. ఆడవాళ్ళు నుదుటికి తెల్లసుద్ద రాసుకున్నారు. మగవాళ్ళు పొగ వెయ్యడానికి పచ్చి ఆకులు తెచ్చి పోగు పెట్టారు. పక్కనే నిప్పుల్లో కంగారూ తోకలు కాలుతున్నాయి.

“ఇంతకాలం ఆగినవాడు ఇంకో గంట ఆగలేడా?” అంది నొరీన్, కాళ్ళు చాపుకుంటూ.

ఊళ్ళో అందరికంటే పెద్దది నొరీన్. వాళ్ళలో పుట్టిన గుంపుని బట్టే వరసలు, ఆ లెక్కన పోయినాయన ఆమెకు బావ అవుతాడు. పోయినవాళ్ళ పేరు ఎవరూ పలకరు కాబట్టి, పొద్దుటినుంచీ ఆయన అందరి నోటా ‘నొరీన్ బావ’ అయిపోయాడు. బావని ఆటపట్టించే హక్కు మరదలిది. చావు దగ్గరైనా సరే, ఆ హక్కుని నొరీన్ వదులుకునే రకం కాదు.

“పైదేశంలో పెద్ద మేడలో ఉండేవాడట కదా?” అంది చెల్లెలు మెర్ల్.

“ఆఁ, మేడే. చలి తగలకుండా చూసుకునేవాళ్ళంట.”

“ఏం పని చేసేవాడు?”

“మీ ఆయన చేసే పనే. ఊరికే ఉండడం. జనమే వచ్చి చూసిపోయేవాళ్ళట.”

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. మెర్ల్ మొగుడు టోపీని ముఖం మీదకి లాక్కున్నాడు.

“రమ్మని ఎన్ని కబుర్లు పెట్టాం! నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ పెడుతూనే ఉన్నా. ఇప్పుడా రావడం, నా పళ్ళన్నీ ఊడాక?”

“ఆయన్నంటావేంటక్కా? వాళ్ళు వదలందే ఎలా వస్తాడు?”

“అబ్బో, బావని వెనకేసుకొస్తున్నావే!”

నిన్ననే ఊళ్ళో దిగిన కొత్త నర్సు టీ కప్పులు అందిస్తోంది. నవ్వాలో వద్దో తెలియక పెదవి కొరుక్కుంది.

“నవ్వమ్మా, నవ్వు. ఏడవడానికి బోలెడు టైముంది,” అంది నొరీన్.

పైకి అలా అంటోంది గానీ, ఆమె బెంగ వేరే ఉంది. మట్టి చేసేముందు ఆయనకి ఇక్కడి మనుషులందర్నీ పాత భాషలో పరిచయం చెయ్యాలి. లేకపోతే ఆయన మనసు కుదుటపడదు. ఆ భాష పూర్తిగా వచ్చింది ఊరు మొత్తానికి నొరీన్‌కి ఒక్కదానికే.

“మాటలు నోటికొస్తాయో లేదోనే,” అని మెర్ల్ చెవిలో గొణిగింది. “అమ్మ పోయాక ఆ భాషలో మన కుక్కతో తప్ప ఎవరితో మాట్లాడాను?”

“కుక్క ఏమనేది?”

“తోక ఊపేది.”

“మరింకేం! అంతగా రాకపోతే ఇంగ్లీషులో చెప్పెయ్. అన్నేళ్ళు అక్కడున్నాడు, వచ్చే ఉంటుంది.”

“అది ఇంగ్లీషోళ్ళ దేశం కాదే, మొద్దూ!”

అంతలో విమానం దుమ్ము రేపుకుంటూ దిగింది. అందరూ లేచి నిలబడ్డారు.

నొరీన్ మేనల్లుడు సెల్విన్ పెట్టెని దించాడు. సాయానికి ఇంకొకరు వెళ్ళేలోపే ఒక్కడే ఎత్తుకుని నడిచి వచ్చాడు.

“అక్కడ తిండి సరిగ్గా పెట్టలేదేమో,” అంది నొరీన్.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆకులు నిప్పుల మీద పడ్డాయి. చెడునంతా కడిగేసే తెల్లటి పొగ పెట్టెని కమ్మేసింది. నొరీన్ చంకలో చెయ్యి పెట్టి, ఆ చెమటని పెట్టె మూతకి రుద్దింది. కొత్తగా వచ్చిన ఎవరికైనా అలాగే చేస్తుంది. తమ మనిషేనని ఈ నేలకి వాసన తెలియాలి కదా.

తర్వాత పెట్టెని మెత్తటి చెట్టుబెరడులో చుట్టి, ఏటిగట్టున తవ్విన గుంట దగ్గరికి తీసుకెళ్ళారు. అందరూ చుట్టూ చేరారు. నొరీన్ ముందుకొచ్చి నోరు తెరిచింది.

మాట రాలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. మొదటి మాటే గుర్తుకు రాలేదు. సెల్విన్ తల దించుకున్నాడు. ఎక్కడో చంటిపిల్ల ఏడిస్తే తల్లి గబగబా సముదాయించింది.

మెర్ల్ వచ్చి అక్క మోచెయ్యి పట్టుకుంది. “తిట్టవే అక్కా. నువ్వు ఏం మర్చిపోయినా తిట్లు మర్చిపోవు.”

నొరీన్ ఒక్క క్షణం చెల్లెలి వంక చూసింది. తర్వాత గుంట వైపు తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఏం బావా!” అంది పాత భాషలో. “ఎక్కడ తిరుగుతున్నావ్ ఇన్నాళ్ళూ? ఇల్లూ వాకిలీ లేదా నీకు?”

ఆ తర్వాత ఇక ఆగలేదు.

“ఇదిగో, ఇది నా చెల్లెలు మెర్ల్. ఇది కాల్చిన రొట్టె తింటే నువ్వు మళ్ళీ పారిపోతావు. వీడు సెల్విన్, నిన్ను ఎత్తుకొచ్చినవాడు. మహా మర్యాదస్తుడు, అల్లుడు అత్త కంటపడకూడదుగా, ఆవిడ కారు కనబడితే చాలు, పొదల్లో దూరతాడు. వీళ్ళంతా నీవాళ్ళే బావా. అదిగో నీ ఏరు, చేపలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంక నిన్ను ఎవరూ లేపరు. పడుకో.”

ఆ చివరి మాటకి నొరీన్ మట్టిలో కూలబడి, రెండు చేతులతో నేలని కొడుతూ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుని మెర్ల్ అందుకుంది. తర్వాత ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ ఏడుపుల మధ్యే సెల్విన్ మట్టి కప్పాడు.

అంతా అయ్యాక కొత్త నర్సు మంచినీళ్ళు తెచ్చి నొరీన్ పక్కన కూర్చుంది. ఆమె కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి.

“మీరిద్దరూ బాగా దగ్గరివాళ్ళా అమ్మమ్మా? ఆఖరుసారి ఆయన్ని ఎప్పుడు చూశారు?”

నొరీన్ గటగటా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంది.

“చూడ్డమెక్కడమ్మా, ఇక్కడి కొండగుహలో పడుకుని ఉన్న ఆయన ఎముకల్ని మ్యూజియంలో పెట్టుకోవడానికి తెల్లదొరలు ఎత్తుకుపోయేనాటికి మా అమ్మమ్మే ఇంకా పుట్టలేదు!”