తప్పులు పట్టని మామ్మ

"మామ్మగారూ, ఈ వారం కూడా కాగితం ఖాళీయేనా?" అంది మూడో తరగతి టీచరు.

"పిల్లలు బానే చదివారమ్మా," అంది మామ్మ.

బాగా చదివే సరుకు కాదు మామ్మ దగ్గర కూర్చునే ఆ నలుగురూ. అక్షరం అక్షరం కూడబలుక్కునే బ్యాచి. టర్ము చివరి పరీక్షలో గట్టెక్కకపోతే రెండో తరగతికి దించేస్తానని హెడ్మాస్టరు ముందే చెప్పేశాడు.

అందుకే టీచరు ఓ పిల్లల నవల తెచ్చింది. ఓడెక్కిన మేక కథ. క్లాసుని గుంపులు చేసి, గుంపుకో పెద్దమనిషిని కూర్చోబెట్టింది. పిల్లలు చదువుతుంటే వినాలి, తప్పు చదివినప్పుడల్లా కాగితం మీద టిక్కు పెట్టాలి.

వినడానికి మనుషులు కావాలని స్కూలు అడిగితే, వీధి చివరింటి నుంచి వచ్చింది మామ్మ.

ఆరు వారాలు. ఒక్క టిక్కు లేదు.

ఆ రోజు టీచరు ఓ చెవి అటు వేసింది.

"మేక... కెప్టెన్‌ని నమిలేసింది," చదివాడు బొద్దుగా ఉన్నవాడు.

"అయ్యయ్యో, మనిషినే? పెళ్లాం పిల్లలున్నవాడేమోరా."

నాలుగు తలలూ పుస్తకంలోకి దూరాయి.

"కెప్టెన్‌ని కాదు మామ్మా, కెప్టెన్ టోపీని."

"హమ్మయ్య. తర్వాత?"

టీచరుకి ఒళ్లు మండింది. పరీక్ష నెత్తి మీదుంటే ఈవిడకి కాలక్షేపం.

"రేపట్నించి ఈ గుంపుని నేను చూసుకుంటాలెండి. మీరు శ్రమపడకండి."

మామ్మ పుస్తకం మూసి, అట్టని అరచేత్తో నిమిరి బల్ల మీద పెట్టింది.

"సరేనమ్మా. ఇంకా మూడు అధ్యాయాలున్నాయట," అంటూ లేచింది.

మర్నాటి నుంచి టీచరే పెన్సిలు పట్టుకుని కూర్చుంది. తప్పుకో టిక్కు. వారం తిరిగేసరికి పిల్లలు పుస్తకం మానేసి పెన్సిలు వంక చూడటం మొదలెట్టారు. బొద్దబ్బాయి నోరు విప్పడమే మానేశాడు.

పరీక్షలో నలుగురూ తప్పారు. రెండో తరగతి బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు.

టీచరు ఉండబట్టలేక వెళ్లి అడిగింది. "మామ్మ దగ్గర చదివేవాళ్లు కదర్రా. నా దగ్గరేమొచ్చింది?"

"మామ్మకి మేం చదివితేనే కథ తెలిసేది," అంది గుంపులోని ఒక్కగానొక్క ఆడపిల్ల. "మీకు ముందే తెలుసుగా టీచర్."

టీచరుకి ట్రైనింగులో రెండేళ్లు చెప్పినా బుర్రకెక్కని ముక్క ఇది. ఏమీ తెలియనట్టు ఎంత బాగా నటించింది ఆవిడ. ఏ పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైందో. కాళ్లు పట్టుకునైనా వెనక్కి పిలవాలి.

రిజిస్టరు వెతికి ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది.

"అత్తయ్యగారు పోయి పదిహేను రోజులైందండీ."

టీచరు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఆవిడ... ఎక్కడ పనిచేసేవారండీ? ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు?"

"పద్ధతేంటండీ," అంది కోడలు. "ఏదో మేక పుస్తకం కొనిపించుకుని, మిగిలింది చదివిపెట్టండర్రా అని ఇంట్లో అందరి వెనకా తిరిగారు, మాకే తీరిక చిక్కలేదు, ఆవిడకేమో అక్షరం ముక్క రాదు."