మేడ మీద పాఠం

హాలోజన్ల పాఠం ఆ రోజు మేడ మీద చెబుతానంది కెమిస్ట్రీ టీచరు. పదో తరగతి పిల్లలు ఎగిరి గంతేశారు. వాళ్ళలో ఆమె కూతురూ ఉంది.

మెట్ల దగ్గర ఒకటో తరగతి టీచరు ఎదురైంది.

"మేమూ రావచ్చా అక్కా? మా బుడతలు సరదాపడతారు."

కెమిస్ట్రీ టీచరు అడ్డంగా తలూపింది. "పిట్టగోడ మరీ పొట్టి. చిన్నపిల్లల్ని పట్టుకోలేం. వద్దులే."

మేడ మీద ముప్పై ఎనిమిది మందిని కూర్చోబెట్టింది. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. వరసలో కిందికి దిగేకొద్దీ రంగు ముదురుతుంది, చురుకు తగ్గుతుంది. చెబుతుంటే రెండుసార్లు ఫోన్ తీసి చూసుకుంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"క్లోరిన్ గాలికంటే తేలికా, బరువా?"

"బరువు టీచర్. రెండున్నర రెట్లు."

"అయితే ఎక్కడికి చేరుతుంది?"

"పల్లానికి."

"గుర్తుంచుకోండి," అంది.

పది నిమిషాలకి, బడి వెనకాల నీళ్ళలో క్లోరిన్ కలిపే కేంద్రంలో సైరన్ మోగింది. లేతాకుపచ్చ పొగ గోడ దాటి, నేలబారుగా పాకుతూ వచ్చి, కింద వెనకవైపు పక్కపక్కనే ఉన్న పదో తరగతి, ఒకటో తరగతి గదుల్లోకి దూరింది.

"రుమాళ్ళు తడిపి ముక్కుకి కట్టుకోండి. ఎవరూ కిందికి దిగొద్దు," అంది టీచరు. పిట్టగోడ మీంచి వంగి, "పైకి రండి, పైకి" అని గొంతు చించుకుంది. కింద ఎవరికీ వినబడలేదు. దగ్గులు వినబడ్డాయి. ఆ దగ్గులు ఒక్కొక్కటే ఆగిపోవడం మేడ మీద అందరూ విన్నారు.

పదకొండు మంది పసివాళ్ళు పోయారు. వాళ్ళ టీచరూ పోయింది. పదో తరగతిలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

సంతాపసభలో అందరి కళ్ళూ కెమిస్ట్రీ టీచరు మీదే. హెడ్మాస్టరు ఆమె గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె తలెత్తలేదు. ఎంత అణకువో అనుకున్నారు.

సభ అయ్యాక ఒక తల్లి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ తల్లికి పెద్దపిల్ల పదో తరగతి. చిన్నవాడు ఒకటో తరగతి.

"పెద్దదాన్నైనా దక్కించారు టీచరుగారూ. మీకలా తోచకపోతే నాకు ఇద్దరూ లేకుండా పోయేవాళ్ళు."

"ఏదో... తోచింది."

"దేవుడే మీకా బుద్ధి పుట్టించాడమ్మా."

టీచరు చేతులు విడిపించుకుంది.

ఆ రోజు పాఠానికి అరగంట ముందు, ఆ కేంద్రంలో పనిచేసే ఆమె భర్త ఫోన్ చేసి, "సిలిండరు కారుతోంది, బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుంది, ఎవరికీ చెప్పకు, నువ్వు మాత్రం పాపని తీసుకుని పైకెళ్ళిపో" అన్నాడు.