కింది గది

పలుగు ఠంగుమంది. బహ్రూన్ మట్టి తుడిచి చూశాడు. జానెడు వెడల్పు ఇటుక. దాని కింద మరొకటి, ఇంకొకటి.

"గుడిదేనంటావా?" అంది అతని భార్య మర్దియా.

"కాక మా తాత కట్టాడా? ఊళ్లో ఎక్కడ తవ్వినా బుద్ధుడి గుళ్లేగా! తెలిస్తే సర్కారువాళ్లు వచ్చి కంచె వేస్తారు. నోరు మెదపకు, పగలగొట్టి పునాది పోసేస్తా."

మర్దియా సరేనంది. అత్త రుకాయాకు తుంటి విరిగి ఎనిమిది నెలలైంది. గుంజల మీది ఇంట్లోంచి ఆమెను రోజూ వీపున వేసుకుని, పద్నాలుగు మెట్లు దిగి, బతాంగ్‌హారి నది రేవుకు స్నానానికి తీసుకెళ్లేది మర్దియానే. కింద గదీ స్నానాలదొడ్డీ లేస్తే తన నడుం బతుకుతుంది.

పైన కిటికీలోంచి రుకాయా తొంగి చూసింది.

"పూడ్చెయ్యరా. మీ నాన్న కూడా అక్కడే తవ్వాడు."

"నాన్నా? ఎందుకమ్మా?"

"మీ నానమ్మకు కాళ్లు పడిపోతే గది వేద్దామని. ఇటుకలు చూసి ఆగిపోయాడు. ఒకళ్లు మొక్కిన చోట మురుగు పారించనన్నాడు. అదే సాయంత్రం కప్పేశాడు."

బహ్రూన్ పలుగు కింద పెట్టాడు. "మరి నానమ్మ?"

"పదకొండేళ్లు ఈ పై ఇంట్లోనే ఉంది."

"స్నానానికి ఎవరు దింపేవాళ్లత్తా?" అంది మర్దియా.

"ఇంకెవరే? కోడలు."

బహ్రూన్ పార అందుకుని మట్టి గుంటలోకి లాగసాగాడు. పైనుంచి రుకాయా కూడా ఆ గుంటనే చూస్తోంది. మర్దియా వైపు మాత్రం తల్లీ చూడలేదు, కొడుకూ చూడలేదు.